ఇరవై మూడో నంబరు నేరేడు

ఆ ఆదివారం తారామణి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి లేవడం, గేటుకు వేయగా మిగిలిన పసుప్పచ్చ రంగు డబ్బా పట్టుకుని వీధిలోకి వెళ్లడం, నాచారం తులసీనగర్ నాలుగో వీధిలో ఉన్న ఇరవై మూడు చెట్లకూ అంకెలు వేయడం, ఎనిమిదింటికల్లా తిరిగొచ్చి ఇడ్లీలు వేయడం. ఇడ్లీలు అనుకున్న వేళకే అయ్యాయి. మిగతాది సర్దుకోవడానికి ఏడాది పట్టింది.

తారామణి భర్త జనార్ధనరావు ఒక ప్రభుత్వ పరిశోధనాశాలలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి, రిటైరైన మర్నాడే ‘ఉప్పల్-నాచారం ప్రకృతి పరిశీలకుల సంఘం’ పెట్టారు. కాగితం మీద సభ్యులు పదకొండు మంది. ఆదివారం పొద్దున నిజంగా వచ్చేవాళ్లు ఐదుగురు. అందులో ఇద్దరు నడక తర్వాత దొరికే అల్లం టీ కోసం వస్తారని తారామణి అనుమానం. సంఘానికి కార్యదర్శి ఆవిడే. ఆ ఎన్నిక జరిగినప్పుడు ఆవిడ వంటింట్లో కప్పులు కడుగుతోంది. ఏకగ్రీవంగా గెలిచినట్టు టీ తీసుకొచ్చాక తెలిసింది.

అయినా ఆ ఐదుగురంటే ఆవిడకు లోపల్లోపల గౌరవమే. ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి మానేసిన హన్మయ్య మోకాళ్ల నొప్పితోనే చెంగిచెర్ల దాకా నడుస్తాడు. ఆకు నలిపి వాసన చూసి చెట్టు పేరు చెబుతాడు. ఒకసారి గూటికి తల్లిపిట్ట తిరిగొచ్చిందో లేదో చూడటానికి గంటన్నర వానలో నిలబడి, వచ్చాక తనే ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చినంత సంతోషపడ్డాడు. జీతం లేకుండా ఇంత శ్రద్ధగా పనిచేసేవాళ్లను తారామణి తనను తప్ప ఇంకెవరినీ చూడలేదు.

అంకెల అవసరం ఎందుకొచ్చిందంటే, అంతకు ముందు ఏడు, అంటే రెండువేల పదిలో, రోడ్డు ఇరుకైందని మూడో వీధిలో పద్దెనిమిది చెట్లు కొట్టేశారు. నిజానికి రోడ్డు ఇరుకు కాలేదు. ఇళ్ల మెట్లూ, ర్యాంపులూ, ప్రహరీ గోడలూ ఏడాదికో అడుగు చొప్పున రోడ్డు మీదికి నడిచొచ్చాయి. సంఘంవాళ్లు మునిసిపల్ ఆఫీసుకు వెళ్లి అడిగితే ఒక కాగితం చూపించారు. అందులో ‘వృక్షములు: లేవు’ అని ఉంది. లేని చెట్లను కొట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా. నాలుగో వీధి కొలతలు రెండువేల పన్నెండు జూన్‌లో అని కూడా మర్యాదగా చెప్పి పంపారు.

అందుకని జనార్ధనరావు ఏడాది పాటు నాలుగో వీధిలోని ప్రతి చెట్టుకూ ఒక చరిత్ర రాయాలని తీర్మానించారు. ఎప్పుడు ఆకు రాలింది, ఎప్పుడు పూసింది, ఎప్పుడు కాసింది అని నెలనెలా పుస్తకంలో రాయాలి. పుస్తకం నిండా బతికిన చెట్లను ‘లేవు’ అని రాయడం ఎంతటి ఆఫీసుకైనా కష్టం. నంబర్ల రేకులు మేకులతో కొడదామంటే హన్మయ్య ఒప్పుకోలేదు. “మీకు పేరు పెట్టిననాడు మీ అమ్మ నొసట మేకు కొట్టిందా సార్?” అన్నాడు. అలా రంగు ఖాయమైంది. ప్రతి నెలా చెట్టును ఒకే వైపు నుంచి చూడాలి కనక ఎక్కడ నిలబడాలో తెలియడానికి అంకె కింద ఒక బాణం గుర్తు కూడా వేయాలన్నది జనార్ధనరావు శాస్త్రీయ దృష్టి.

అట్టముక్కలో కోసిన అంకెలతో, చీర కొంగు బొడ్డులో దోపి, తారామణి ఒకటో నంబరు వేప దగ్గర మొదలుపెట్టి ఇరవై మూడో నంబరు నేరేడు దగ్గర ముగించింది. ఆ నేరేడు వీధి చివర ఉమాపతి ఇంటి గోడను ఆనుకుని ఉంటుంది. దాని కింద సాలమ్మ ఇస్త్రీ బండి పదమూడేళ్లుగా ఉంది. చెట్టు పోతే ఆ ఎండలో బొగ్గుల పెట్టె పట్టుకుని నిలబడటం ఎవరివల్లా కాదు. చెట్టుతో పాటే బండీ పోతుంది.

“నీ చెట్టును పుస్తకంలోకి ఎక్కిస్తున్నాను సాలమ్మా. ఒకసారి ఎక్కాక లేదనలేరు. ఈ చెట్టుకు నాది పూచీ” అంది తారామణి కుంచె కడుగుతూ.

“ఎక్కియ్యమ్మా. గని తెల్లంగిల మీద కాయలు రాల్చొద్దని గూడ అండ్ల రాయి” అంది సాలమ్మ.

సోమవారం పొద్దున పాలప్యాకెట్ కోసం బయటికొచ్చిన తారామణికి వీధి వీధంతా టేపులు పట్టుకుని కనిపించింది. రైల్వేలో గార్డుగా చేసిన కామరాజు తన గోడ నుంచి ఇంటి లోపలికి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడుస్తున్నాడు. ఆయన ఇంటి ముందున్న కానుగది ఇరవై రెండో నంబరు. లెక్క పూజగది దగ్గర ఆగింది. ఆయన అక్కడి నుంచి పరుగున గేటు దగ్గరికొచ్చాడు.

“ఇరవై రెండు అడుగులు పోతే దేవుళ్లు రోడ్డు మీదకొచ్చేస్తారండీ తారామణిగారూ!” అన్నాడు.

“అడుగులేమిటండీ?”

“చూళ్లేదా? చెట్టుకో అంకె వేశారు. కింద బాణం. బాణం మన ఇళ్లవైపే. అంకెన్ని ఉంటే అన్ని అడుగులు కొట్టేస్తారట. రోడ్డు వెడల్పు చేస్తున్నారు!”

తారామణి చూపుడువేలి గోరులో పసుప్పచ్చ రంగు ఇంకా ఉంది. ఆ వేలిని పాలప్యాకెట్ వెనక్కి తిప్పుకుంది. ఈలోపు ఒకటో నంబరు ఇంటావిడ ఒక్క అడుగుతో గండం గడిచిందని గుడికి బయల్దేరింది. మూడో నంబరువాళ్లు మిగతావాళ్ల మీద జాలిపడుతున్నారు. ఉమాపతి మాత్రం తన గోడ వైపూ నేరేడు మీది అంకె వైపూ మార్చి మార్చి చూస్తున్నాడు. వీధిలో ఎవరికి ఏ సర్టిఫికెట్ కావాలన్నా ముందుండి నడిపించే పెద్దమనిషి ఆయన. ఆ ముందుండే అలవాటులోనే తన ప్రహరీ గోడను కూడా ఆరడుగులు ముందుకు తెచ్చి లోపల మందారాలు పెంచుకుంటున్నాడు. ఇప్పుడు ఇరవై మూడు అడుగులంటే మందారాలే కాదు, ముందు గదీ, అందులో కొత్తగా కొన్న సోఫా కూడా.

“సార్ నడుగుదాం పాండ్రి. సర్కారు నౌకరి చేసిన మనిషి, ఎర్కుంటది” అని ఉమాపతి అందరినీ వెంటబెట్టుకుని తారామణి ఇంటికే వచ్చాడు.

జనార్ధనరావు అబద్ధం చెప్పలేరు. అదే ఆ రోజు పెద్ద చిక్కయింది.

“సార్, ఆ నంబర్లు ఏంది?”

“అదా! ఇది మొదటి దశ మాత్రమేనండీ” అన్నారాయన ఉత్సాహంగా. “ఏడాది పాటు గమనిస్తాం. వచ్చే జూన్‌లో నివేదిక ఆఫీసుకు వెళుతుంది. ఇది బాగా జరిగితే రెండో దశలో చర్లపల్లి దాకా పోవాలని ఉంది. మీ సహకారం కావాలి.”

వీధివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కామరాజు చర్లపల్లి దాకా ఎన్ని అడుగులో లెక్కేయడం మొదలుపెట్టాడు. ఇక లాభం లేదని తారామణి రంగు అంటిన గోరు దాచుకోకుండానే ముందుకొచ్చింది.

“అన్నయ్యగారూ, ఆ అంకెలు వేసింది నేను. రోడ్డుకూ వాటికీ సంబంధం లేదు. మా సంఘం చెట్లను లెక్కపెడుతోంది, అంతే.”

“ఎందుకు లెక్కవెడుతున్రు?”

“ఊరికే. ఎప్పుడు పూస్తాయో రాసుకోవడానికి.”

“జీతమెంత?”

“ఏమీ లేదు.”

ఉమాపతి ఆవిడ వైపు చాలా జాలిగా చూశాడు. “అక్కా, నువ్వేం ఫికర్ జెయ్యకు. ఆఫీసోళ్లు బయట జెప్పొద్దన్నరు, గంతే గదా. నేనెవ్వరికి జెప్ప. గని ఐతారం పొద్దుగాల నిద్ర వదులుకొని ఊకెనే చెట్లు లెక్కవెట్టేటోళ్లు ఈ లోకంల ఉంటరా? నమ్మేటట్టు ఏమన్న జెప్పరాదె!”

నిజం అక్కడితో అయిపోయింది. అంతకంటే నమ్మేటట్టున్నది ఏదీ ఆ పూట తారామణి దగ్గర లేదు.

బుధవారం పదింటికి ఉప్పు డబ్బా నింపుతుంటే వీధి చివర నుంచి సాలమ్మ గొంతు వినిపించింది. తారామణి చెప్పులు లేకుండానే పరుగెత్తింది. నేరేడు కింద ఒక గొడ్డలి మనిషి, పక్కన ఉమాపతి, ఎదురుగా కణకణలాడే ఇస్త్రీ పెట్టె ఎత్తిపట్టుకుని సాలమ్మ ఉన్నారు.

“ఒక్క కొమ్మ ముట్టు! నీ ఈపు మీద ముడతల్లేకుండ జేస్త!” అంటోంది సాలమ్మ గొడ్డలి మనిషితో. ఆ మనిషి అప్పటికే నాలుగడుగులు వెనక్కి వెళ్లి, ఇది తన సొంత తగాదా కాదని అందరికీ తెలిసేలా గొడ్డలి కింద పెట్టాడు.

“ఏం జెయ్యమంటవక్కా!” అన్నాడు ఉమాపతి తారామణిని చూసి. “చెట్టు లేకుంటె నంబర్ లేదు. నంబర్ లేకుంటె అడుగుల్లేవు. నా ఇల్లు నేను కాపాడుకోవద్దా?”

చెట్టును నిలబెట్టడానికి వేసిన అంకె చెట్టునే పడగొట్టేట్టుంది. నిజం ఒకసారి చెప్పి చూసింది. రెండోసారి చెప్పినా జాలే మిగులుతుంది. ఆవిడ నేరేడు వైపు, దాని పక్కనున్న కానుగ వైపు, ఆ గేటులో నిలబడి తొంగిచూస్తున్న కామరాజు వైపు నింపాదిగా చూసింది.

“కొట్టండి అన్నయ్యా, మీ ఇష్టం. కాకపోతే నంబరు పడ్డ చెట్టు పోతే, దాని అడుగులు పక్కింటి చెట్టుకు కలుపుతారేమో” అంది.

చివర ‘ఏమో’ అని ఉంది. న్యాయంగా చూస్తే ఆవిడ అబద్ధం చెప్పలేదు. కానీ కామరాజు ‘ఏమో’ దాకా ఆగలేదు. ఇరవై రెండూ ఇరవై మూడూ కలిపేసరికి లెక్క ఆయన పెరటి బావి కూడా దాటిపోయింది.

“ఉమాపతిగారూ!” అని అరిచాడు. రైలు పెట్టెలకు వినబడేలా ముప్పై ఏళ్లు విజిల్ ఊదిన మనిషి గొంతు అది. “ఆ చెట్టు మీద చెయ్యి వేస్తే నేనూరుకోను! మీవీ నావీ కలిపి నలభై ఐదు అడుగులు నేను మొయ్యాలా?”

సాయంత్రానికి ఆ మాట ఒకటో నంబరు దాకా పాకింది. ఎవరి ఇంటి ముందు చెట్టు పోయినా ఆ అడుగులు పక్కింటి నెత్తినే పడతాయి కనక, ప్రతి ఇంటివాళ్లూ పక్కింటి చెట్టుకు కాపలా కాయడం మొదలుపెట్టారు. ఆకు వాడితే నీళ్లు పోశారు. కరెంటువాళ్లు కొమ్మ కొట్టడానికొస్తే ఎనిమిదిళ్లవాళ్లు బయటికొచ్చి ఎంతమేర కొట్టాలో దగ్గరుండి చూపించారు. పూజసామాన్ల బండి మీద కొన్న పసుపును ఒకావిడ చెదలు పట్టకుండా చెట్టు మొదట్లో చల్లింది. తన చెట్టు చుట్టూ పాదు చేయించిన కామరాజు, ఉమాపతి చెట్టు చుట్టూ ఇంకా పెద్దది చేయించాడు.

“చూశావా తారా! మనవాళ్లలో ఇంత ప్రకృతి ప్రేమ ఉందని నేను అనుకోలేదు. ఊరికే నిందిస్తాం కానీ” అన్నారు జనార్ధనరావు కళ్లు తుడుచుకుంటూ.

“అవునండీ” అంది తారామణి, పోపు మాడుతోందని లోపలికి వెళుతూ.

ఆ ఏడాది సంఘానికి మహర్దశ. జూలైలో కీసరగుట్టకు వెళ్లి వాన మొదలైతే మొలిచే చిన్న మొక్కలు చూసొచ్చారు. మామూలుగా ఐదుగురు వెళ్లే చోటికి వీధి నుంచి పంతొమ్మిది మంది వచ్చారు. సంఘంలో ఉన్నవాళ్ల అడుగులు ఏమైనా తగ్గిస్తారేమోనని వాళ్ల ఆశ. గుట్ట దిగేటప్పటికి మాత్రం నలుగురు ఆశ సంగతి మరిచిపోయి ఆకులు నలిపి హన్మయ్య ముక్కు దగ్గర పెడుతున్నారు. సకల జనుల సమ్మె రోజుల్లో ఆఫీసులూ బడులూ బస్సులూ నిలిచిపోతే, పొద్దున్నే వీధిలో చెట్లు చూసే నడక ఒక్కటే ఆగలేదు. జనవరిలో చెరువు గట్టు మీద పిట్టలు లెక్కపెట్టేటప్పుడు ఉమాపతి చలికి వణుకుతూ నీటికోళ్లు నలభై ఒకటి అని లెక్క తేల్చాడు. అన్నీ ఒకేలా ఉంటే ఎలా లెక్కపెట్టావని హన్మయ్య అడిగితే, “ఎలక్షన్లు జేసినోన్ని మామా, తలకాయలు లెక్కవెట్టుడు నాకు నేర్పుతవా?” అన్నాడు.

ఇక పుస్తకంలో అన్నిటికంటే మంచి రాత సాలమ్మది. ఆమెకు రాయడం రాదు. కానీ నేరేడు ఏ ఏడు ఎప్పుడు పండిందో పదమూడేళ్ల లెక్క నోటి మీద ఉంది.

“పోయిన్సారి ఏరువాక పున్నానికి నాలుగొద్దులు ముంగట. రైలు సారు తెల్లంగి జేబు మీద పడ్డది, మస్తు లొల్లి జేసిండు. అంతకు ముందేడు వానలు లేటు. మిరుగం కార్తె దాటినంక పది దినాలకు మీ సారు లాగు మీద పడ్డది. మీరేమనలేదు, మంచోళ్లు.”

పదమూడేళ్ల మరకలు, పదమూడేళ్ల తిట్లు. జనార్ధనరావు వాటినన్నిటినీ తేదీలుగా మార్చి రాసుకుని, పరిశోధనాశాలలో తను చూసిన ఏ రికార్డూ ఇంత నమ్మకంగా లేదని సభలో ప్రకటించారు. సాలమ్మ బండి వెనక మొహం దాచుకుంది. మర్నాటి నుంచి ఎవరి చొక్కా మీద కాయ పడ్డా “నీ అంగి పుస్తకానికెక్కిందన్నా” అని గర్వంగా చెప్పడం మొదలుపెట్టింది.

తారామణికి సుఖం లేనిదల్లా ఒక్కచోటే. అడుగుల భయం చెట్లను కాపాడటంతో ఆగలేదు. దసరా వెళ్లాక కామరాజు తన నాలుగు మెట్లూ కొట్టించి లోపలికి మార్పించుకున్నాడు. ముందే నాలుగడుగులు వదిలేస్తే పోవలసినవి పద్దెనిమిదే అవుతాయని ఆయన లెక్క. అది చూసి పదకొండో నంబరువాళ్లు ర్యాంపు తీసేశారు. ఎదురు వరసవాళ్లు అరుగులు కొట్టించారు. ఫిబ్రవరిలో ఉమాపతి గుండె రాయి చేసుకుని, మందారాలు తవ్వి తీసి, గోడను ఆరడుగులు వెనక్కి కట్టించాడు. ఆ రోజు ఆయన అన్నం తినలేదని తెలిసి తారామణి గారెలు చేసి పట్టుకెళ్లింది. అప్పుడే నిజం చెప్పేద్దామనుకుంది కూడా. ఉమాపతి గారె తుంచుతూ, “ఇంక పదిహేడే కదక్కా” అని ధైర్యంగా నవ్వేసరికి నోరు రాలేదు.

జూన్ వచ్చింది. ఆఫీసు నుంచి ఇద్దరు ఉద్యోగులు పొడుగాటి టేపుతో దిగారు. వీధంతా గేట్లలో నిలబడింది. సాలమ్మ పెట్టె పక్కన పెట్టి, నేరేడుకు వీపు ఆనించి నిలబడింది. పెద్ద ఉద్యోగి కాగితం తీసి చదివాడు. “గోడకూ గోడకూ మధ్య ముప్పై అడుగులుండాలి. ఎక్కడ తగ్గితే అక్కడ వెడల్పు చేస్తాం. అడ్డమున్నవి తీసేస్తాం. ఇక్కడ చెట్లేం లేవు కదా?”

“ఇరవై మూడు!” అంది వీధి ఒక్క గొంతుతో.

టేపు ఒకటో నంబరు దగ్గర మొదలైంది. ముప్పై. పదకొండో నంబరు దగ్గర ముప్పై. కామరాజు గేటు దగ్గర ముప్పై మీద ఒక అంగుళం. ఉద్యోగి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆఖరికి ఉమాపతి గోడకు టేపు ఆనించారు. తారామణి సాలమ్మ చెయ్యి పట్టుకుంది. అది ఇస్త్రీ పెట్టె కంటే వేడిగా ఉంది.

“ముప్పై అడుగుల రెండంగుళాలు” అన్నాడు చిన్న ఉద్యోగి.

“నా సర్వీసులో కాగితం మీదున్న రోడ్డు నేల మీద కనబడ్డం ఇదే మొదలు” అన్నాడు పెద్ద ఉద్యోగి. “ఇక్కడ మేం చేయాల్సిన పనేం లేదు. అవునూ, ఈ నంబర్లెవరు వేశారు?”

“మేమేనండీ. చెట్ల లెక్క కోసం” అన్నారు జనార్ధనరావు, ఏడాది పుస్తకం అందిస్తూ. ఉద్యోగి పేజీలు తిప్పాడు. పూత తేదీలు, రాలిన ఆకులు, సాలమ్మ మరకలు ఒక్కొక్కటే చూశాడు. తర్వాత కలం తీసి, తన కాగితంలో ‘లేవు’ అన్నదాన్ని కొట్టేసి ‘ఇరవై మూడు’ అని రాసి సంతకం పెట్టాడు. సాలమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

వీధివాళ్లు మాత్రం ఇంకా గేట్లు వదల్లేదు.

“మరి అడుగులు?” అన్నాడు ఉమాపతి మెల్లగా.

“ఏ అడుగులు?” అన్నారు జనార్ధనరావు.

ఇరవై మూడిళ్లూ తారామణి వైపు తిరిగాయి.

“నేను మొదటి రోజే నిజం చెప్పాను అన్నయ్యగారూ. ఊరికే లెక్కపెట్టేవాళ్లుండరని మీరే అన్నారు” అంది ఆవిడ.

ఉమాపతి నోరు తెరిచాడు. పోయిన ఆరడుగుల గురించి గట్టిగా అడగాలంటే అవి ముందు ఎక్కడివో కూడా చెప్పాలి. పక్కనే టేపు పట్టుకున్న ఉద్యోగి ఆసక్తిగా చూస్తున్నాడు.

“గోడ కొత్తగా కట్టినట్టున్నారే! ఎవరు జరపమన్నారండీ?”

“ఎవలు జెప్పాలె సార్?” అన్నాడు ఉమాపతి, ఒక్క క్షణంలో పెద్దమనిషయిపోయి. “చెట్లంటె పాణం. గీ సంఘంల నేను పాత మెంబర్ని.”

చప్పట్లు ముందు కొట్టింది కామరాజు. ఆయన కూడా నాలుగు మెట్లు పోగొట్టుకున్న పాత మెంబరే. ఆ చప్పట్లకు కదిలిందో ఏమో, నేరేడు కొమ్మ నుంచి ఒక పండు రాలి ఉమాపతి తెల్లచొక్కా జేబు మీద పడింది. సాలమ్మ ఆయన చొక్కా వైపు కాకుండా పుస్తకం వైపు చూసింది. “రాసుకో సారూ. ఈ యేడు గిదే మొదటిది.”

ఆ వచ్చిన ఆదివారం ఆరింటికి నడకకు పద్నాలుగు మంది వచ్చారు. అడుగులు లేవని తెలిశాక కూడా వచ్చినవాళ్లు. తారామణి టీ గిన్నె మార్చి పెద్దది పెట్టుకుంది. ఉమాపతి అందరికంటే ముందొచ్చి, తన గోడకూ రోడ్డుకూ మధ్య మిగిలిన చోట ఒక వేప మొక్క నాటి, పుస్తకంలో ఎక్కించమని నిలబడ్డాడు. తారామణి అట్టముక్కలో ఇరవై నాలుగు అంకె కోసింది.

“అక్కా” అన్నాడు ఉమాపతి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి. “నంబర్ జర చిన్నది ఎయ్యి. ఎందుకన్న మంచిది.”

సంఘం పుస్తకంలో ఆ రోజు రాత ఇప్పటికీ ఉంది: ‘చెట్టు సంఖ్య: సున్నా. వేప. నాటినవారు: ఉమాపతి. బాణం గుర్తు: వద్దన్నారు.’